సూరతు చేరిన విద్యార్థి: ఆంకెతిల్ దుపెరాన్

పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాఖండమునుండి ఓడలెక్కి భారతదేశమునకు వచ్చినవారిలో పెక్కురు మిరియముల కొరకు, నూలుబట్టల కొరకు, నీలిమందు కొరకు వచ్చిరి. కొందరు కత్తి చేబూని వచ్చిరి. మరికొందరు తమ మతమును బోధింప వచ్చిరి. ఈ దేశమున ఒక గురువు చెంత కూర్చుండి అక్షరములు దిద్దుకొనుటకై వచ్చినవారు బహు అరుదు. పూర్వము హుయాన్‌త్సాంగు నలందకు వచ్చినట్లు, కేవలము గ్రంథముల కొరకు సూరతునగరమునకు వచ్చిన ఫ్రెంచి యువకుడు ఆంకెతిల్ దుపెరాన్.

ఆయన 1731 డిసెంబరు 7వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి సుగంధద్రవ్యముల వర్తకుడు. కుమారుడు మతాచార్యుడు కాగలడని పెద్దలు తలంచిరి. ఆ విద్యకు అవసరమైన హీబ్రూ భాషను నేర్చుకొనుచుండగనే యువకుని మనస్సు ప్రాచ్యభాషలపైకి మరలెను. హాలెండు దేశమున కొంతకాలము అరబ్బీ, పారసీక భాషలను అభ్యసించి, తిరిగి పారిస్ చేరి, రాజగ్రంథాలయమున దినములు గడపుచుండెను.

1754లో అచట నాలుగు పత్రములు ఆయన కంటబడెను. అవి ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డు గ్రంథాలయములో నున్న ఒక వ్రాతప్రతినుండి చూచి దించిన నకలు. ఆ ప్రతి పారశీకుల పవిత్రగ్రంథమైన వెందిదాదు. ఒక ఆంగ్లేయ వర్తకుడు దానిని సూరతులో సంపాదించి స్వదేశమునకు చేర్చెను. ఆక్స్‌ఫర్డులో దానిని గొలుసుతో కట్టి భద్రపరచిరి గాని, అందలి అక్షరమొక్కటైనను చదువగలవాడు ఐరోపా ఖండమున లేడు. సూరతులో పెక్కేండ్లు వసించిన జేమ్స్ ఫ్రేజరను స్కాట్లండు విద్వాంసుడు సైతము అచటి దస్తూరులనుండి ఆ విద్యను గ్రహింపలేకపోయెను. ఆ నాలుగు పత్రములను చూచినపుడు ఆంకెతిల్ వయస్సు ఇరువదిరెండేండ్లు. వాని భాష తెలిసినవారున్న చోటికే పోవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

ప్రయాణమునకు ధనము లేదు. ప్రభుత్వము సాయపడువరకు నిరీక్షించు ఓపికయు లేదు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ సైన్యమున సామాన్య సిపాయిగ పేరు వ్రాయించుకొనెను. ఆ రహస్యము తమ్మునికి మాత్రమే తెలియును. 1754 నవంబరు 7వ తేదీన, డోలు మ్రోగుచుండ, కొత్త సిపాయిల వరుసలో నడచుచు పారిస్ విడిచెను. ఆ సిపాయిలలో పెక్కురు ఏ నేరముచేతనో, ఏ దరిద్రముచేతనో ఆ కొలువునకు వచ్చినవారు. ఆయన మూటలో రెండు చొక్కాలు, రెండు చేతిగుడ్డలు, ఒక జత మేజోళ్ళు, హీబ్రూ బైబిలు, మాంటేను, షారోనుల గ్రంథములు, గణిత పరికరముల పెట్టె యుండెను. ఓడరేవు చేరులోపల మిత్రులు మంత్రికి విన్నవించి సిపాయి కొలువునుండి విడుదల చేయించిరి. ఉచిత ప్రయాణము, ఓడ అధిపతితో సహపంక్తి భోజనము, కొంత వేతనము కూడ లభించెను. 1755 ఆగష్టు 10వ తేదీన ఆయన పాండిచేరిలో దిగెను.

సూరతు చేరుటకు మరి రెండేండ్లకు పైగా పట్టెను. పాండిచేరిలో పారసీకమును వృద్ధిచేసికొని, కాశికి పోయి సంస్కృతము నేర్వవలెనను కోరికతో వంగదేశమునందలి చందరునగరము చేరెను. అచట తీవ్రమైన వ్యాధి ఆయనను ఆసుపత్రి పాలుచేసెను. అంతలో సూరతునందలి ఫ్రెంచి కోఠీ అధిపతినుండి లేఖ వచ్చెను. పారశీక దస్తూరులు తమ గ్రంథములను చూపుటకును, బోధించుటకును అంగీకరించిరని అందలి వార్త. వెంటనే ఫ్రెంచివారికిని ఆంగ్లేయులకును యుద్ధము ముదిరి, 1757 మార్చిలో చందరునగరము ఆంగ్లేయుల వశమయ్యెను. ఆంకెతిల్ సముద్రతీరము వెంబడి పాండిచేరికి బయలుదేరెను. సుమారు నూరుదినముల ప్రయాణమది. ఉత్కళదేశము దాటి, గంజాము, మచిలీపట్నముల మీదుగ మన తెలుగునేలనంతయు ఆయన ఆ వేసవిలో చూచుకొనుచు పోయెను. ఉత్తర సర్కారులు ఆనాడు ఫ్రెంచివారి ఆధీనమున నుండుటచే ఆ భాగమున శత్రుభయము తక్కువ.

పాండిచేరిలో ఒక శుభము కాచియుండెను. తన రహస్యమెరిగిన ఆ తమ్ముడు, సూరతు కోఠీలో ఉద్యోగము పొంది అచటికి పోవుచుండెను. సోదరులిరువురు ఒకే ఓడనెక్కిరి. కాని ఆంకెతిల్ మాహేలో దిగి, దేశమును చూడగోరి మెట్టదారిన నడక సాగించెను. 1758 వేసవిలో సూరతు ప్రవేశించెను.

తపతీనది ఒడ్డున నున్న సూరతు మొగలుసామ్రాజ్యమునకు ప్రధానమైన రేవు. మక్కాయాత్రికులు ఇచటనే ఓడలెక్కెడివారు. ఫ్రెంచి కంపెనీ ఈ దేశమున మొదటి కోఠీని 1668లో స్థాపించినది ఇచటనే. ఆంకెతిల్ వచ్చునాటికి ఆ వైభవము తగ్గుచుండెను. కోట యొకరిది, నగరాధికారము మరియొకరిది. డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు ఒకరినొకరు కనిపెట్టుచుండిరి. 1759 మార్చిలో ఆంగ్లేయులు కోటను పట్టుకొనిరి. కొత్తగా వచ్చిన పరదేశికి ఇట్టి ఊరిలో కుదురుకొనుట సులభము కాదు. తన జాతివారి ప్రాపకము నానాటికి క్షీణించుచుండ, వేరొక జాతివారి పవిత్రరహస్యమును అడుగుటకు వచ్చినవాని స్థితి మరింత కష్టము.

ఆయనకు గురువైనవాడు దస్తూరు దారాబు. కావూసు అను మరియొక దస్తూరు తోడుగ నుండెను. దారాబు పండితుడు. కొన్ని దశాబ్దములకు పూర్వము ఇరానునందలి కెర్మానునుండి వచ్చిన జామాస్పు అను ఆచార్యునివద్ద పహ్లవీభాషను శ్రద్ధగ నేర్చెను. భారతదేశమునందలి పారశీకుల పంచాంగము ఇరాను పంచాంగముకంటె ఒక మాసము వెనుకబడియున్నదని వెల్లడియైనది ఆ ఆచార్యుని రాకతోనే. దానిపై వివాదము పెరిగి, 1745లో సూరతునందలి కొందరు ఇరాను గణనమును స్వీకరించి కదీమీలనబడిరి. దారాబు ఈ సంస్కరణపక్షమువాడు. ఎదిరిపక్షమునకు మంచర్జీ అను ధనికుడైన శేఠు నాయకుడు. పండుగలు వేర్వేరు దినములందు జరుగుట, బంధుత్వములు చెడుట మొదలైన వానివలన నగరమునందలి పారశీక కుటుంబములు అశాంతిలో నుండెను.

ఈ ఇంటికలహము నడుమ దారాబు ఒక అన్యమతస్థునికి తన వేదమును బోధింపవలసి వచ్చెను. ఆయన సంకోచమును అర్థము చేసికొనుట కష్టము కాదు. ప్రతిపక్షమువారు ఇదియే అపరాధముగ ఎత్తిచూపగలరు. ఆంకెతిల్ ఈ సంగతి యంతగ ఆలోచించినట్లు తోచదు. ఆయన తొందరపాటు గలవాడు. డబ్బిచ్చితిని గనుక విద్య రావలెనని తలంచినవాడు. నెలలు గడచినవి, పాఠములు సాగలేదు. ఎట్టకేలకు దారాబు వెందిదాదు ప్రతి నొకదాని నిచ్చెను. శిష్యునికి అనుమానము కలిగెను. డచ్చి కోఠీ అధిపతి ద్వారా మంచర్జీ వద్దనున్న ప్రతిని ఎరువు తెప్పించి, రెండింటిని అక్షరమక్షరము సరిచూచెను. భేదములు బయటపడెను, గురువు ఇచ్చినది సరియైన ప్రతి కాదు. ఒక పక్షమును ఇంకొక పక్షముపై ప్రయోగించి సత్యమును రాబట్టిన ఈ ఉపాయమును ఆయన గొప్పగ చెప్పుకొనెను. దాని వలన దారాబునకు తనవారియెదుట ఎంత తలవంపు కలిగియుండునో చెప్పలేదు.

అయినను ఆ పిమ్మట పాఠములు నిజముగ సాగెను. ఇరువురికిని ఉమ్మడిభాష పారసీకము. దారాబు అవెస్తా వాక్యమును చదివి, దానికి సంప్రదాయమున వచ్చిన పహ్లవీ వ్యాఖ్యను చూపి, భావమును పారసీకములో చెప్పెడివాడు. ఆంకెతిల్ దానిని వ్రాసికొనెడివాడు. 1759 మార్చిలో, కోట ఆంగ్లేయుల పరమైన ఆ దినములలోనే, వెందిదాదు అనువాదమును ఆరంభించెను. పాఠముల నడుమ జ్వరములు వచ్చి పడుచుండెను. గురువునకు గాని, శిష్యునకు గాని అవెస్తా వ్యాకరణము తెలియదు. భాష మరుగుపడి పెక్కు శతాబ్దములైనది. ఉన్నది పరంపరాగతమైన అర్థము మాత్రమే. అర్థము తప్పినచోట ఇరువురును కలసి తప్పిరి. కాని ఆ పరంపరను ఆనాడు వ్రాసికొన్న పరదేశి ఆయన యొక్కడే.

ఆ సంవత్సరమే సెప్టెంబరులో మరియొక విపత్తు కలిగెను. స్వదేశీయుడైన ఒక ఫ్రెంచివానితో కలహము కత్తుల పోరాటమయ్యెను. ఆంకెతిల్ గాయపడెను, ఎదిరివాడు మరణించెను. గాయములు మానువరకు చదువు నిలిచెను. తన ప్రభుత్వమువారి భయమున ఆంగ్లేయుల నీడను చేరవలసి వచ్చెను. శత్రుజాతివారి దయపై బ్రతుకుచు చదువు ముగించుట ఆయన వంటి అభిమానికి ఎట్లుండెనో ఊహింపవచ్చును.

1760 జూనులో తాను పారశీక వేషము ధరించి, ఆయుధములు దాచుకొని, దారాబు వెంట అగ్నిమందిరము చొచ్చితినని ఆయన తన గ్రంథమున వ్రాసెను. అన్యులకు నిషిద్ధమైన స్థలమది. దస్తూరు అందుకు సమ్మతించియుండునా యని తరువాతి పారశీక పండితులు సందేహించిరి. చూచినది నిజమైనచో, విద్యనిచ్చినవారి విశ్వాసమును వమ్ముచేసిన పని. నిజము కానిచో, వ్యర్థమైన డంబము. ఎల్లోరా, ఎలిఫెంటా, కన్హేరి గుహలను కొలిచి వర్ణించిన శ్రద్ధాళువే ఈ పనియు చేసెను. రెండును ఆయన స్వభావములోనివే.

కాశికి పోయి సంస్కృతము నేర్చుకొనవలెనను కోరిక మాత్రము తీరలేదు. 1761 జనవరిలో పాండిచేరి ఆంగ్లేయుల వశమయ్యెను. ఫ్రెంచివానికి ఇక ఈ దేశమున నిలువనీడ లేదు. ఆ సంవత్సరము మార్చిలో, సుమారు 180 వ్రాతప్రతులతో, ఆంగ్లేయుల ఓడపైననే సూరతు విడిచెను. ఇంగ్లండులో యుద్ధఖైదీగ దిగి, విడుదల పొందిన పిమ్మట ముందుగ ఆక్స్‌ఫర్డునకు పోయెను. గొలుసుతో కట్టియుంచిన ఆ వెందిదాదును తన సూరతు ప్రతులతో సరిచూచుకొని గాని స్వదేశమునకు కదలలేదు. 1762 మార్చి 14న పారిస్ చేరెను. మరునాడే తన ప్రతులలో ముఖ్యమైన వానిని రాజగ్రంథాలయమునకు అప్పగించెను.

తొమ్మిదేండ్ల పరిశ్రమ పిమ్మట, 1771లో జెంద్ అవెస్తా మూడు సంపుటములు వెలువడెను. ఆక్స్‌ఫర్డు పండితులను ఆయన అందు ఎగతాళి చేసియుండెను. దానికి కోపించి విలియం జోన్సను యువకుడు ఫ్రెంచిభాషలోనే ఒక పరిహాసలేఖను ప్రకటించెను. జరతూష్ట్రుని వంటి జ్ఞాని ఇట్టి మాటలు పలికియుండడనియు, సూరతు పురోహితులు ఈ అమాయకుని మోసగించిరనియు దాని సారాంశము. కాలక్రమమున కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించి, సంస్కృతమునకు గౌరవము తెచ్చినది ఈ జోన్సే. అప్పటికి మాత్రము ఆయన పొరబడెను. దారాబు చెప్పినది కల్పన కాదని డెన్మార్కు పండితుడు రాస్కు 1826లో నిరూపించుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టెను.

1775లో అయోధ్య నవాబు కొలువుననున్న ఫ్రెంచి ప్రతినిధి జంతీ ఒక పారసీక గ్రంథమును ఆయనకు పంపెను. అది షాజహాను కుమారుడు దారాషుకో 1657లో కాశీపండితుల సాయముతో చేయించిన ఏబది ఉపనిషత్తుల అనువాదము. సంస్కృతము రాని ఆంకెతిల్‌కు ఉపనిషత్తుల ద్వారము ఈ విధముగ తెరచుకొనెను. తాళపుచెవి పాండిచేరిలో చేతికి వచ్చి, దారాబు ఎదుట మూడేండ్లు పదునుపెట్టుకొన్న పారసీకమే. మొదట ఫ్రెంచిలోనికి, పిమ్మట లాటినులోనికి మాటకు మాటగ దానిని మార్చెను.

ఈ పని సాగుచున్నపుడే ఫ్రెంచివిప్లవము వచ్చెను. ఆయన లోకమునకు దూరముగ, పుస్తకముల నడుమ ఏకాంతముగ నివసించెను. రొట్టె, జున్ను, పాలు, నూతినీరు ఆహారము. చలికాలమున నిప్పు లేదు. ఇవ్వజూపిన ధనసహాయమును తిరస్కరించెను. తన జీవనవిధానమును ఆయన గ్రంథాదిని భారతదేశపు బ్రాహ్మణులకు నివేదించుకొనెను. ఒకనాడు సూరతులో గురువును నిలదీసిన ఆ యువకుడు, ఆ పుటలలో శిష్యునివలె మాటలాడెను. 1801, 1802 సంవత్సరములలో ఉపనేఖత్ అను పేర రెండు సంపుటములు అచ్చయ్యెను. దాని లాటిను కఠినమైనది, చదివినవారు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో 1814లో దానిని చేతబట్టిన షోపెన్‌హవరు అను జర్మను తత్త్వవేత్త జీవితాంతము విడువలేదు.

నెపోలియను చక్రవర్తికి విధేయత ప్రమాణము చేయ నొల్లక ఆయన 1804లో పండితపరిషత్తును విడిచెను. 1805 జనవరి 17న పారిస్ నగరముననే మరణించెను. సూరతునుండి తెచ్చిన ప్రతులలో నేర్యోసంగుడను పారశీక పండితుడు పూర్వకాలమున చేసిన యస్నగ్రంథపు సంస్కృతానువాదము కూడ నుండెను. అది ఆంకెతిల్‌కు చదువరాని భాష. ఇరువదియెనిమిదేండ్లు గడచిన పిమ్మట, 1833లో, బుర్నూఫ్ అను ఫ్రెంచి పండితుడు ఆ సంస్కృతమును ఆధారముగ గొని అవెస్తా వ్యాకరణమును మొదటిసారి విప్పి చూపెను. దారాబును, ఆయన శిష్యుడును కలసి తప్పిన తావులను ఒక్కొక్కటిగ సవరించెను.