సాగరగర్భ పథికుడు – జాక్ ఈవ్ కూస్తో

భూగోళంలో మూడింట రెండు వంతులకు పైగా జలమయమని మనం బాల్యం నుండి పాఠ్యపుస్తకాలలో చదువుతూనే ఉన్నాం. కాని ఆ జలరాశి అడుగున ఏమున్నదో కన్నులారా చూసినవారు ఎందరు? ముత్యాల కోసం ఊపిరి బిగబట్టి కడలిలో మునిగే సాహసికులు అనాదిగా ఉన్నారు. మన ఉర్దూ విభాగపు మిత్రులు వారిని గోతాఖోర్ అంటారు. అయితే ఒక్క శ్వాసలో చూడగలిగినది ఎంత? ఒకటి రెండు నిమిషాల దృశ్యం మాత్రమే. ఆ నిమిషాలను గంటగా పెంచి, మనిషిని చేపకు సాటిగా నీటిలో సంచరింపజేసిన వారిలో ముఖ్యులు ఫ్రాన్సు దేశీయులైన జాక్ ఈవ్ కూస్తో. ఆయన జీవితాన్ని పాఠక మిత్రులకు పరిచయం చేయాలని మా సంకల్పం. ఆయన ఘనతతో పాటు ఆయన చేసిన తప్పులను కూడా చెప్పక తప్పదు. అవి లేనిదే ఈ కథ సగమే అవుతుంది.

కూస్తో 1910 జూన్ 11న బోర్డో నగరానికి సమీపాన గల సేంటాండ్రే ద కుబ్జాక్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. చిన్నతనంలో ఆరోగ్యం అంతంతమాత్రమే. చదువు మీద కంటె యంత్రాల మీద, సినిమా కెమెరా మీద మక్కువ ఎక్కువ. 1930లో నౌకాదళ శిక్షణాలయంలో ప్రవేశించారు. విమాన చోదకుడు కావాలన్నది ఆయన కోరిక. ఆ శిక్షణలో ఉండగా ఘోరమైన కారు ప్రమాదం జరిగి రెండు చేతులూ విరిగాయి. ఆకాశయానం ఆశ అంతటితో అడుగంటింది. చేతులకు సత్తువ రావడానికి తూలోన్ రేవు దగ్గర సముద్రంలో ఈదుతూ ఉండగా, తోటి అధికారి ఫిలిప్ తైయే ఈతకళ్ళజోడు ఒకటి ఇచ్చారు. దానిని ధరించి నీటిలో తల ముంచిన క్షణాన కూస్తో జీవితం దిశ మార్చుకొన్నది. ఆ తరువాత ఫ్రెడరిక్ డ్యూమా అనే నిపుణుడైన ఈతగాడు కూడా వీరితో కలిశారు. 1937లో సిమోన్ మెల్షియర్‌తో కూస్తో వివాహం జరిగింది.

నీటి అడుగున మనిషికి కావలసినది గాలి ఒక్కటే కాదు. పైనున్న నీటి ఒత్తిడికి సరితూగే ఒత్తిడితో ఆ గాలి అందాలి. పది మీటర్ల లోతుకు దిగేసరికి ఒత్తిడి రెట్టింపు అవుతుంది. ఇరవై మీటర్లకు మూడింతలు. గాలి అంతకంటె తక్కువ ఒత్తిడితో వస్తే రొమ్ము విచ్చుకోదు. అదుపు లేకుండా ఎక్కువగా వస్తే సిలిండరు త్వరగా ఖాళీ అవుతుంది. ప్రపంచ యుద్ధకాలంలో, పెట్రోలు కరువై కార్లను వాయువుతో నడపవలసి వచ్చిన రోజుల్లో, ఎమీల్ గన్యాన్ అనే ఇంజనీరు వాయువును అవసరమైనంత మేరకే వదిలే కవాటం ఒకటి రూపొందించారు. 1943 ఆరంభంలో ఆ కవాటాన్ని మార్పులు చేసి కూస్తో మార్న్ నదిలో పరీక్షించారు. శరీరం నీటిలో అడ్డంగా ఉన్నంతసేపు అది చక్కగా పనిచేసింది. నిటారుగా నిలిస్తే గాలి వృథాగా పోయింది, తలక్రిందులైతే గాలి అందనే లేదు. విడిచిన గాలి పోయే మార్గాన్ని, గాలి లోనికి వచ్చే మార్గాన్ని ఒకే మట్టంలో అమర్చడంతో ఆ లోపం తీరింది. అదే సంవత్సరం వేసవిలో మధ్యధరా సముద్రంలో కూస్తో ఆ పరికరంతో స్వేచ్ఛగా విహరించారు. ఆక్వాలంగ్ అనే పేరుతో అది లోకమంతటా వ్యాపించింది. గన్యాన్ పేరు మాత్రం లోకులు దాదాపు మరచారు. శాస్త్ర చరిత్రలో ఇది కొత్త సంగతి కాదని విజ్ఞాన విద్యార్థులకు విదితమే.

యుద్ధం ముగిసిన పిదప నౌకాదళంలో జలాంతర్భాగ పరిశోధక బృందం ఏర్పడింది. 1948లో కేప్ వెర్డి దీవుల చెంత కూస్తో, డ్యూమా నడిసముద్రంలో ఒక పెద్ద సొరచేపను ఎదుర్కొనవలసి వచ్చింది. అది మీది మీదికి రాగా కూస్తో చేతిలోని కెమెరాతోనే దాని మూతిపై కొట్టి బయటపడ్డారు. 1950లో ఒక బ్రిటిష్ ధనికుడు మందుపాతరలు ఏరే పాత ఓడను కొని, ఏడాదికి ఒక ఫ్రాంకు నామమాత్రపు అద్దెకు ఆయనకు ఇచ్చారు. అదే కాలిప్సో. దానికి ధనం సమకూర్చడం గగనమైంది. సిమోన్ తన నగలు అమ్మి సాయపడ్డారని ప్రతీతి. ఓడమీద అందరికంటె ఎక్కువ కాలం గడిపిన వ్యక్తి కూడా ఆమెయే. కాని తెరమీద ఆమె అరుదుగా కనిపిస్తారు.

1955లో కాలిప్సో హిందూ మహాసముద్రంలో సీషెల్స్‌కు చెందిన అసంప్షన్ అనే చిన్న ద్వీపం చేరింది. అక్కడి పగడపు దిబ్బలలో నీరు స్ఫటికం వలె స్వచ్ఛం. మనిషిని ఎన్నడూ చూడని చేపలు బెదరక దగ్గరకు వచ్చాయి. గ్రూపర్ జాతికి చెందిన ఒక భారీ చేప మరీ చనువు పెంచుకొన్నది. ఓడవారు దానికి జోజో అని పేరు పెట్టారు. మాంసపు సంచితో దిగిన ఈతగాళ్ళ వెంట అది పెంపుడు కుక్క వలె తిరిగేది. ఇతర చేపలకు మేత పెట్టనీయక అడ్డుపడడంతో, చివరికి దానిని సొరచేపల నుండి రక్షణకై తెచ్చుకొన్న బోనులో కొంతసేపు బంధించారు! ఈ దృశ్యాలతో, లూయీ మాల్ సహదర్శకత్వంలో వెలువడిన నిశ్శబ్ద ప్రపంచం అనే చిత్రం 1956లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతిని, ఆపై ఆస్కార్‌ను కూడా గెలుచుకొన్నది.

అదే చిత్రంలో మనసు కలచివేసే ఘట్టాలు కూడా ఉన్నాయి. కాలిప్సో పంకా తగిలి ఒక తిమింగలపు పిల్ల గాయపడింది. బాధ తీర్చడానికని దానిని చంపారు. రక్తానికి సొరచేపలు మూగగా, ఓడవారు ఆవేశంతో వాటిని కొక్కాలతో పైకి లాగి గొడ్డళ్ళతో నరికారు. మరొక చోట చేపల జాతులను లెక్కించే నెపంతో పగడపు దిబ్బలో డైనమైట్ పేల్చారు. తాబేళ్ళ వీపులెక్కి కూర్చుని నవ్వారు. ఆ కాలంలో వీటిని ఆక్షేపించినవారు తక్కువ. నేటి ప్రేక్షకుడు తలదించుకొంటాడు. అంతకు ముందు సంవత్సరమే ఆ ఓడ చమురు అన్వేషణకు అబూదాబీ తీరంలో సేవ చేసిన సంగతి కూడా మరువరాదు. తమను ప్రేమగా సమీపించిన ప్రాణులపైననే మనిషి చేయి లేచిన ఈ వైనం మమ్ము చాలాసేపు ఆలోచింపజేసింది. ఆయన గొప్పతనం ఆ చిత్రంతో ముగిసిపోయి ఉంటే మేము ఈ వ్యాసానికి పూనుకొనేవారం కాము.

1960లో రేడియోధార్మిక వ్యర్థాలను మధ్యధరా సముద్రంలో పారవేసే యత్నం జరిగినప్పుడు కూస్తో బహిరంగంగా ఎదురు నిలిచారు. ప్రజలు కూడా తోడు నిలవడంతో ఆ యత్నం ఆగింది. 1962 నుండి 1965 వరకు మార్సేయ్ వద్ద, సూడాన్ తీరపు ఎర్రసముద్రంలో, మళ్ళీ ఫ్రాన్సు తీరాన నీటి అడుగున ఇళ్ళు కట్టి మనుషులను నివసింపజేశారు. సముద్రగర్భంలో మానవ నగరాలు వెలుస్తాయన్న ఆ కల క్రమంగా ఆయనే విడిచిపెట్టారు. 1968 నుండి ప్రసారమైన టెలివిజన్ చిత్రాలు ఆయనను ఇంటింటికీ చేర్చాయి. తాను తొలుత మునిగిన చోట్లకు ఏళ్ళ తరువాత తిరిగి వెళ్ళినప్పుడు చేపలు తరిగిపోవడం ఆయన గమనించారు. 1973లో సముద్ర రక్షణ కోసం సంఘం స్థాపించారు.

1979 జూన్ 28న లిస్బన్ చెంత జలవిమాన ప్రమాదంలో రెండవ కుమారుడు ఫిలిప్ మరణించారు. తండ్రి వారసత్వం ఆయనదేనని అందరూ అనుకొంటూ ఉండేవారు. 1990లో సిమోన్ కన్నుమూశారు. ఆ దశలో కూడా ఎనభై ఏళ్ళ వృద్ధుడు దక్షిణ ధ్రువఖండంలో గనుల త్రవ్వకాన్ని నిలుపుచేయడానికి సంతకాలు సేకరిస్తూ తిరిగారు. 1991లో మాడ్రిడ్ నగరంలో కుదిరిన ఒడంబడిక ఆ త్రవ్వకాన్ని నిషేధించింది.

1996 జనవరిలో సింగపూర్ రేవులో ఒక బల్లకట్టు ఢీకొని కాలిప్సో మునిగిపోయింది. దానిని పైకి తీసి ఫ్రాన్సుకు చేర్చారు గాని, అది మరల సముద్రయానానికి నోచుకోలేదు. 1997 జూన్ 25న పారిస్‌లో కూస్తో పరమపదించారు. సముద్రంలో కాక, పుట్టిన ఊరిలోనే, కుటుంబపు సమాధుల నడుమ ఆయనను ఖననం చేశారు.