పంటి మత్తు సూది వెనుక ఒక సర్జన్ పడ్డ కష్టం

కింది దవడ పన్ను తీయించుకున్నవాళ్లు గమనించే ఉంటారు. డాక్టర్ సూదిని నొప్పి ఉన్న పన్ను దగ్గర కాకుండా, నోట్లో బాగా వెనక్కి, దవడ లోపలి వైపు వేస్తారు. కొన్ని నిమిషాల్లోనే ఆ వైపు పళ్లు, సగం పెదవి మొద్దుబారిపోతాయి. ఈ పద్ధతిని మొదట చేసి చూపించింది పంటి డాక్టర్ కాదు. విలియం స్టీవార్ట్ హాల్‌స్టెడ్ అనే అమెరికా సర్జన్. దీని కోసం ఆయన తన ఆరోగ్యాన్నే పోగొట్టుకున్నారు.

హాల్‌స్టెడ్ 1852 సెప్టెంబర్ 23న న్యూయార్క్‌లో ఒక ధనిక వ్యాపార కుటుంబంలో పుట్టారు. యేల్‌లో చదివే రోజుల్లో పుస్తకాల కన్నా ఫుట్‌బాల్ మీదే ధ్యాస ఎక్కువ. 1877లో డాక్టరయ్యాక యూరప్ వెళ్లి సర్జరీ నేర్చుకుని, 1880లో తిరిగొచ్చారు. ధైర్యం చాలా ఎక్కువ. ప్రసవం తర్వాత రక్తం పోతున్న సొంత చెల్లెలికి తన రక్తమే ఎక్కించి కాపాడారు.

1884 సెప్టెంబర్‌లో వియన్నా డాక్టర్ కార్ల్ కొల్లర్ కనిపెట్టిన విషయం బయటికొచ్చింది. కొకైన్ చుక్కలు వేస్తే కంటికి నొప్పి తెలియదని. అదే మందును నరం పక్కనే ఇంజెక్ట్ చేస్తే ఎలా ఉంటుందని హాల్‌స్టెడ్ ఆలోచించారు. మిత్రుడు రిచర్డ్ హాల్‌తో, మరికొందరితో కలిసి సొంత ఒంటి మీదే ప్రయోగాలు మొదలుపెట్టారు. ఆ ఏడాది చివరికల్లా కింది దవడ నరాన్ని మొద్దుబార్చి చూపించారు.

ఇందులో కిటుకు ఇదీ. పై దవడ ఎముక పలుచన కాబట్టి పన్ను పక్కన మందు వేసినా లోపలికి ఇంకుతుంది. కింది దవడలో వెనక పళ్ల దగ్గర ఎముక గట్టిది, మందు అంతగా ఇంకదు. అందుకే నరం ఎముకలోకి దూరే చోటే, ముందుగానే దాన్ని ఆపాలి. అప్పుడు ఒక్క సూదితో ఆ వైపు కింది పళ్లన్నీ మొద్దుబారతాయి.

కానీ అప్పటికి కొకైన్ వ్యసనమవుతుందని సరిగ్గా ఎవరికీ తెలీదు. హాల్‌స్టెడ్, హాల్ ఇద్దరూ దానికి బానిసలయ్యారు. 1885లో హాల్‌స్టెడ్ రాసిన వ్యాసం తలా తోకా లేకుండా ఉంది. 1886లో ఆయన ప్రావిడెన్స్‌లోని బట్లర్ హాస్పిటల్‌లో చేరారు. కొకైన్ మాన్పించడానికి మార్ఫిన్ వాడారు. అది ఇంకో వ్యసనమైంది.

అందరూ ఆయన పని అయిపోయిందనుకున్న సమయంలో మిత్రుడు విలియం వెల్చ్ చెయ్యి వదల్లేదు. బాల్టిమోర్‌కు పిలిచి తన ల్యాబ్‌లో పని ఇచ్చారు. అక్కడే హాల్‌స్టెడ్ జాన్స్ హాప్కిన్స్ హాస్పిటల్ సర్జరీ విభాగానికి పెద్ద అయ్యారు. నర్సు కారొలైన్ హాంప్టన్ చేతులు మందు నీళ్లకు పాడవుతుంటే గుడ్‌ఇయర్ కంపెనీతో రబ్బరు గ్లవ్స్ చేయించారు. 1890లో ఆమెనే పెళ్లాడారు. సర్జన్లకు ఏళ్ల తరబడి హాస్పిటల్‌లోనే శిక్షణ ఇచ్చే పద్ధతికి అమెరికాలో దారి వేసింది కూడా ఆయనే.

ఇంత చేసినా మార్ఫిన్ వదల్లేదు. సహచరుడు ఆస్లర్ రహస్యంగా రాసిపెట్టిన ఆ సంగతి 1969లో గానీ బయటపడలేదు. 1922లో అమెరికా పంటి డాక్టర్లు హాల్‌స్టెడ్‌ను సత్కరించారు. అదే ఏడాది సెప్టెంబర్ 7న, పిత్తాశయ రాళ్ల ఆపరేషన్ తర్వాత ఆయన చనిపోయారు.

ఇప్పుడు మన పంటి డాక్టర్లు వాడేది కొకైన్ కాదు, ఎక్కువగా లిగ్నోకైన్. అది వ్యసనం కాదు, భయపడక్కర్లేదు. గుండె జబ్బు, అలర్జీ, వాడే మందులు ఏవైనా ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

మత్తు హరామ్ అని మనకు చిన్నప్పటి నుంచే తెలుసు. అయినా ఇంట్లో ఎవరైనా అందులో పడితే, పరువు పోతుందని దాచేస్తాం. వెల్చ్ దాచి ఊరుకోలేదు, వదిలెయ్యనూ లేదు. పక్కన నిలబడ్డారు. మన బిడ్డకైనా, తమ్ముడికైనా ముందు కావాల్సింది తిట్లు కాదు. దువాతో పాటు డాక్టర్, తోడు ఒక మనిషి.