కంచర్ల గోపన్న

కంచర్ల గోపన్న 17వ శతాబ్దానికి చెందిన వాగ్గేయకారుడు, గోల్కొండ కుతుబ్‌షాహీ ప్రభుత్వంలో రెవెన్యూ ఉద్యోగి. భక్త రామదాసు, భద్రాచల రామదాసు అన్న పేర్లతో తెలుగువారందరికీ సుపరిచితుడు. ప్రభుత్వ ఖజానాకు జమ చేయవలసిన శిస్తు సొమ్మును భద్రాచలంలో శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయ నిర్మాణానికి ఖర్చు చేశాడన్న అభియోగంపై గోల్కొండ కోటలో దీర్ఘకాలం కారాగారవాసం అనుభవించాడు. ఆ చెరలో పాడినవిగా చెప్పబడే కీర్తనలు నేటికీ భజన మందిరాలలోను, సంగీత కచేరీలలోను వినిపిస్తూనే ఉన్నాయి.

బాల్యము, కుటుంబము

గోపన్న జన్మస్థలం ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. వీరిది నియోగి బ్రాహ్మణ కుటుంబం. గోపన్న సుమారు 1620 ప్రాంతంలో జన్మించాడని సంప్రదాయంగా చెబుతారు. గోల్కొండ రాజ్యంలో అత్యున్నత పదవులు నిర్వహించిన అక్కన్న, మాదన్న సోదరులు ఇతనికి మేనమామలు. గోపన్న జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ బంధుత్వం చాలా ముఖ్యం. భార్య పేరు కమలమ్మ. రఘునాథ భట్టాచార్యులు ఇతనికి గురువు. కబీరుదాసు అనే ముస్లిం ఫకీరు రామ తారకమంత్రం ఉపదేశించాడని కూడా ఒక కథ ప్రచారంలో ఉంది. ఉత్తర భారతదేశానికి చెందిన ప్రసిద్ధ కవి కబీరు గోపన్నకంటే ఎంతో ముందుతరం వాడు కనుక ఆయన ఈ కబీరు కాజాలడు. అయినా తెలుగు జనం తమ రామభక్తునికి ఒక ముస్లిం సాధువును గురువుగా నిలుపుకోవడం గమనించదగ్గ విషయం.

ఉద్యోగము

మేనమామల సిఫారసుతో గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పదవి లభించింది. ఆనాటి తహసీల్దారు పదవిని నేటి పదవితో పోల్చరాదు. గోల్కొండ రాజ్యంలో పన్నుల వసూలును చాలా చోట్ల గుత్తకు ఇచ్చేవారు. ఒక పరగణా నుండి ఏటా ఇంత సొమ్ము అని ముందుగానే నిర్ణయం జరిగేది. వానలు కురిసినా కురవకపోయినా, రైతులు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ మొత్తానికి అధికారే బాధ్యుడు. బకాయి పడినవారిని నిర్బంధించడం, కొరడాలతో కొట్టించడం అప్పటి పాలనలో సాధారణమైన పద్ధతులు. ఆ శతాబ్దంలో గోల్కొండను చూసిన ఐరోపా వర్తకులు కూడా ఈ సంగతిని తమ వ్రాతలలో పేర్కొన్నారు. గోపన్నకు పడిన శిక్షను పరిశీలించేటప్పుడు ఈ నేపథ్యాన్ని మరువరాదు.

ఆలయ నిర్మాణము

గోదావరి తీరాన భద్రగిరిపై అప్పటికే రాముని పూజ జరుగుతూ ఉండేది. భద్రిరెడ్డిపాలెంకు చెందిన పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీకి స్వామి కలలో కనిపించాడనీ, ఆమె ఒక పుట్టలో విగ్రహాలను కనుగొని పందిరి వేసి పండ్లు నివేదించేదనీ స్థలపురాణం. అక్కడి మూలమూర్తి రూపం ఇతర రామాలయాలలో కనిపించదు. శంఖచక్రాలు, ధనుర్బాణాలు ధరించిన చతుర్భుజ రాముడు సీతను ఎడమ తొడపై కూర్చుండబెట్టుకొని ఉంటాడు.

పరగణా పర్యటనలో గోపన్న జాతర సమయాన భద్రాచలం వచ్చి, స్వామి పందిరి కింద ఉండడం చూసి ఆలయ నిర్మాణానికి పూనుకున్నాడు. మొదట చందాలు ప్రోగుచేశాడు. అవి చాలలేదు. పంటలు చేతికి వచ్చాక తామే సొమ్ము సమకూర్చగలమని రైతులు మాట ఇచ్చారనీ, ఆ ధైర్యంతో శిస్తు సొమ్మును వాడాడనీ ఒక కథనం. ప్రభుత్వ అనుమతి లేకుండానే ఖర్చు చేశాడని ప్రసిద్ధి. ఖర్చయిన మొత్తం ఆరు లక్షల మొహరీలని ప్రతీతి. గుడి, ప్రాకారం, గోపురంతో పాటు స్వామివారికి, అమ్మవారికి, లక్ష్మణునికి విలువైన ఆభరణాలను కూడా చేయించాడు. ఆ నగలలో అనేకం నేటికీ ఆలయంలో భద్రపరచబడి ఉన్నాయి.

అభియోగము, శిక్ష

సొమ్ము ఖజానాకు చేరకపోవడంతో గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా (తానీషా) గోపన్నను బంధించి తీసుకురమ్మని ఆజ్ఞాపించాడు. గోపన్న తాను ఖర్చు చేసిన మాట దాచలేదు. బకాయి చెల్లించే వరకు చెరసాలలో ఉంచవలసిందిగా తీర్పు వెలువడింది.

ఈ ఘట్టాన్ని హరికథలలోను, సినిమాలలోను ముస్లిం ప్రభువు హిందూ భక్తుని హింసించిన కథగా చెప్పడం పరిపాటి అయింది. కథను శ్రద్ధగా చూస్తే అభియోగంలో మత విషయం ఏదీ కనిపించదు. రాముని పూజించవద్దని సుల్తాను ఎన్నడూ శాసించలేదు. కట్టిన గుడిని పడగొట్టమని గాని, నగలను కరిగించి ఖజానాకు జమకట్టమని గాని ఆజ్ఞ ఇవ్వలేదు. ఆలయం చెక్కుచెదరలేదు, అర్చనలు ఆగలేదు. విచారణ అంతా సొమ్ము లెక్క చుట్టూనే తిరిగింది. గోపన్న ఆ సొమ్మును మసీదుకు ఖర్చు చేసినా, సొంత ఇంటికి ఖర్చు చేసినా శిస్తు చట్టం ప్రకారం నేరం ఒక్కటే.

అయితే గోపన్న పక్షాన కూడా చెప్పవలసినది ఉంది. ఆ సొమ్ము రైతుల చెమట. ఆ రైతులే గుడి కావాలని కోరుకున్నారు. రాజు ప్రతినిధిగా వసూలు చేసిన ధనాన్ని అదే ప్రజల దైవానికి వెచ్చించడం ధర్మమేనని అతడు భావించి ఉండవచ్చు. మధ్యయుగపు రాజ్యాలలో రాజధనంతో గుళ్ళు, మసీదులు కట్టించడం రాజుకు ఉన్న హక్కు. ఆ హక్కును ఒక తహసీల్దారు తన చేతిలోకి తీసుకున్నాడు. సుల్తానుకు ఆగ్రహం కలిగించినది ఇదే అయి ఉంటుంది.

మేనమామలు అధికారంలో ఉండి కూడా గోపన్నను విడిపించలేకపోయారు. హిందూ మంత్రుల ప్రాబల్యాన్ని సహించలేని ప్రభువర్గం గోల్కొండ దర్బారులో బలంగా ఉండేది. మేనల్లునికి మినహాయింపు ఇప్పించి ఉంటే ఆ నింద నేరుగా మాదన్న మీద పడి ఉండేది.

చెరసాలలో

గోపన్న పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడని ప్రసిద్ధి. ఆ శిక్షకు భక్తులు చెప్పే కారణం వేరు. పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో బంధించిన పాపఫలమట. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా అని పిలువబడే చీకటి గది ఉంది. దాని గోడపై సీతారామలక్ష్మణులు, ఆంజనేయుని రూపాలు చెక్కబడి ఉన్నాయి. వాటిని గోపన్నే చెక్కాడని చెబుతారు. నేటికీ సందర్శకులు ఆ గోడ ముందు దీపాలు వెలిగిస్తారు.

రామదాసు కీర్తనలలో కారాగార అనుభవం స్పష్టంగా వినిపిస్తుంది. వీటిలో నిందాస్తుతి ప్రధానమైనది. ఒక ప్రసిద్ధ కీర్తనలో ప్రాకారానికి ఇంత, సీతమ్మ పతకానికి ఇంత, లక్ష్మణుని నగకు ఇంత అని మొహరీల లెక్క అప్పజెప్పి, ఇవన్నీ ఎవరి సొమ్మని ధరించి ఊరేగుతున్నావని రాముని నిలదీస్తాడు. వెంటనే కొరడా దెబ్బల బాధకు తాళలేక తిట్టానని క్షమాపణ వేడుకుంటాడు. లెక్కలు వ్రాసే ఉద్యోగి మాత్రమే వ్రాయగలిగిన పాట అది. దర్బారులో సుల్తాను అడిగిన లెక్కనే గోపన్న చెరసాలలో దేవుని అడిగాడు.

విడుదల

ఒక అర్ధరాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో ఇద్దరు యువకులు తానీషా శయనాగారానికి వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకున్నారనీ, ఆ రసీదు తెల్లవారేసరికి గోపన్న వద్ద ఉన్నదనీ భక్తుల విశ్వాసం. వచ్చినవారు రామలక్ష్మణులేనని గ్రహించిన తానీషా గోపన్నను సగౌరవంగా విడుదల చేసి, ఆలయానికి భూములు, ఆదాయం సమకూర్చాడని చెబుతారు. ఆనాడు చెల్లించినవిగా చెప్పే రామ మాడలను భద్రాచలంలో చూపిస్తారు. అద్భుతాన్ని పక్కన పెట్టి చూసినా, ఈ కథలో బకాయి మాఫీ కాలేదు. పూర్తిగా చెల్లింపు జరిగి, రసీదు వచ్చిన తరువాతనే ఖైదీ విడుదలయ్యాడు.

విడుదల అనంతరం గోపన్న భద్రాచలంలోనే స్వామి సేవలో శేషజీవితం గడిపాడు.

కాలనిర్ణయము

తానీషా పరిపాలన 1672లో ఆరంభమై 1687లో ముగిసింది. మాదన్న ప్రధానమంత్రి అయినది 1674 ప్రాంతంలో. మేనమామల ప్రాబల్యంతో ఉద్యోగం రావడం, ఆలయం కట్టించడం, ఆపై పన్నెండేళ్ళ చెర, తానీషా చేతనే విడుదల ఇవన్నీ ఆ కొద్ది సంవత్సరాలలో ఇమడడం కష్టం. గోపన్న 1680లో మరణించాడన్న మాట నిజమైతే అసలే ఇమడవు. పాండవుల వనవాసం వలె పన్నెండు అన్న సంఖ్య పురాణ సంప్రదాయం నుండి వచ్చి ఉండవచ్చు. లేదా ఉద్యోగం అంతకుముందు పాలించిన అబ్దుల్లా కుతుబ్ షా (1626-1672) కాలంలోనే లభించి ఉండవచ్చు. వీటిలో మొదటిదే ఎక్కువ సమంజసంగా తోస్తుంది.

తానీషా పాలన, మతవిధానము

తానీషా సూఫీ గురువు షా రాజు శిష్యుడు. కూచిపూడి గ్రామాన్ని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినది ఇతడేనని ప్రసిద్ధి. ఇతని కాలంలో ప్రపంచంలో ఇతర చోట్ల పరిస్థితి గమనిస్తే గోల్కొండ విశిష్టత తెలుస్తుంది. 1679లో మొగలు చక్రవర్తి ఔరంగజేబు ముస్లిమేతరులపై జిజియా పన్నును తిరిగి విధించాడు. 1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ, ప్రొటెస్టెంట్లకు ఆరాధనా స్వేచ్ఛ నిచ్చిన నాంట్ శాసనాన్ని రద్దు చేయగా లక్షలాదిమంది దేశం విడిచి పారిపోయారు. అదే సమయంలో గోల్కొండలో ముస్లిం సుల్తాను కింద హిందూ ప్రధానమంత్రి ఖజానాను నడిపించాడు.

గోల్కొండపై ఔరంగజేబు చూపిన నేరాలలో ఇది కూడా ఒకటి. అక్కన్న, మాదన్న సోదరులు 1686లో కుట్రదారుల చేతిలో హత్యకు గురయ్యారు. మరుసటి సంవత్సరం సుమారు ఎనిమిది నెలల ముట్టడి తరువాత కోట మొగలుల వశమైంది. తానీషా దౌలతాబాదు కోటలో బందీ అయి అక్కడే మరణించాడు. రామదాసును బంధించిన ప్రభువు కూడా పన్నెండేళ్ళ వరకు చెరలో గడపడం జనం నోట కర్మఫలంగా మారింది.

ఆలయము, ప్రభుత్వము

శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు సమర్పించే ఆచారం తానీషా కాలం నుండి వస్తున్నదని చెబుతారు. గుంటూరు ప్రాంతానికి చెందిన తూము లక్ష్మీనరసింహదాసు 19వ శతాబ్దం మొదటి భాగంలో భద్రాచలం చేరి ఆలయ కైంకర్యాలను పునరుద్ధరించాడు. ఇతడూ ఒకప్పుడు రెవెన్యూ ఉద్యోగే కావడం విశేషం. 1860లో భద్రాచలం నిజాం నుండి బ్రిటిషు వారికి సంక్రమించి, తరువాత గోదావరి జిల్లాలో చేరింది. 1959లో ఖమ్మం జిల్లాలోకి, 2016లో కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది.

స్వతంత్ర భారత రాజ్యాంగంలోని 27వ అధికరణం ప్రకారం, ఒక నిర్దిష్ట మతాభివృద్ధికి ప్రత్యేకించిన పన్నును ఎవరిచేతా బలవంతంగా కట్టించరాదు. గోపన్న చేసిన పని నేటి చట్టం ప్రకారం కూడా చెల్లదు. మరొకవైపు, 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం కింద ఈ ఆలయ ఆదాయ వ్యయాలను ప్రభుత్వం నియమించిన కార్యనిర్వహణాధికారి పర్యవేక్షిస్తాడు. గుడిలోని సొమ్ము మీద ప్రభుత్వానికి ఎంత అధికారం ఉండాలన్నది దేశమంతటా న్యాయస్థానాలలో వాదనకు వస్తూనే ఉంది. 2014 రాష్ట్ర విభజనతో మరొక చిక్కు ఏర్పడింది. ఆలయం తెలంగాణలో ఉండగా, స్వామివారి మాన్యాలలో పెద్ద భాగమైన పురుషోత్తపట్నం భూములు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. వాటి ఆక్రమణలపై వివాదం ఏర్పడింది.

రచనలు, స్మృతి

కీర్తనలతో పాటు దాశరథీ శతకం గోపన్న రచనగా ప్రసిద్ధం. ఒకప్పుడు తెలుగునాట బడిపిల్లలందరికీ ఈ శతక పద్యాలు కంఠస్థంగా ఉండేవి. త్యాగరాజు తన కృతులలో రామదాసును భక్తితో స్మరించాడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానం వలన ఈ కీర్తనలు 20వ శతాబ్దంలో ఇంటింటికీ చేరాయి. చిత్తూరు నాగయ్య 1964లో రామదాసు చిత్రం నిర్మించి నటించాడు. 2006లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో శ్రీరామదాసు చిత్రం వెలువడింది. సికింద్రాబాదులోని ప్రభుత్వ సంగీత కళాశాలకు, ఖమ్మం జిల్లాలో 2017లో ప్రారంభమైన ఎత్తిపోతల పథకానికి భక్త రామదాసు పేరు పెట్టారు. నేలకొండపల్లిలో ఇతని స్మారకంగా ధ్యానమందిరం ఉంది.