దక్షిణ ఆఫ్రికాలో గాంధీ న్యాయవాద జీవితం

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ (1869 అక్టోబరు 2 - 1948 జనవరి 30) భారత జాతీయోద్యమ నాయకుడిగా లోకప్రసిద్ధుడు. అంతకు ముందు ఆయన దాదాపు రెండు దశాబ్దాల పాటు వృత్తిరీత్యా న్యాయవాది. ఆ కాలంలో అధికభాగం దక్షిణ ఆఫ్రికాలోనే గడిచింది. తానే ఒక వలసదారుగా ఉంటూ తోటి వలసదారుల నివాస హక్కులు, ఒప్పంద కూలీల కష్టాలకు సంబంధించిన వివాదాలను చేపట్టాడు. వ్యాపారుల లావాదేవీల దావా కోసం వెళ్ళిన బారిస్టరు ఈ రంగంలోకి ఎలా వచ్చాడన్నది ఈ వ్యాసం వివరిస్తుంది.

చదువు, తొలి రోజులు

గాంధీ 1888 సెప్టెంబరులో బొంబాయి నుండి బయలుదేరి లండను చేరుకుని ఇన్నర్ టెంపుల్‌లో న్యాయశాస్త్రం చదివాడు. 1891 జూన్ 10న బారిస్టరు అయ్యాడు. మరునాడు హైకోర్టులో పేరు నమోదు చేసుకుని, జూన్ 12న స్వదేశానికి ఓడ ఎక్కాడు. పట్టా వచ్చింది కానీ భారతీయ చట్టాలతో పరిచయం గానీ, నలుగురిలో మాట్లాడే ధైర్యం గానీ అప్పటికి లేవు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మమీబాయి అనే ఆమె తరపున 30 రూపాయల ఫీజుకు తొలి కేసు తీసుకున్నాడు. సాక్షిని ప్రశ్నించడానికి లేచి, మాట పెగలక కూర్చుండిపోయాడు. కేసు మరొక వకీలు చేతికి వెళ్ళింది. తరువాత రాజకోటలో అర్జీలు రాసిపెడుతూ నెలకు సుమారు 300 రూపాయలు సంపాదించాడు. ఈ అర్జీల అనుభవం తదుపరి కాలంలో ప్రభుత్వాలకు మహజర్లు రాయడంలో ఆయనకు బాగా ఉపకరించిందని భావించవచ్చు.

దాదా అబ్దుల్లా దావా

పోరుబందరు మూలాలు గల దాదా అబ్దుల్లా అండ్ కంపెనీ తమ దావాలో సహాయపడేందుకు గాంధీని దక్షిణ ఆఫ్రికాకు పిలిపించింది. ఏడాది పనికి ప్రతిఫలం 105 పౌండ్లు, మొదటి తరగతి రానుపోను ప్రయాణం, బస ఖర్చులు. 1893 మేలో ఆయన డర్బన్ చేరుకున్నాడు. అక్కడి మెజిస్ట్రేటు తలపాగా తీయమనగా, నిరాకరించి కోర్టు నుండి బయటికి వచ్చేశాడు. జూన్ 7న పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో రైలు నుండి దించివేయబడిన సంఘటన జగమెరిగినదే. అయితే వృత్తిపరంగా ఆయనను తీర్చిదిద్దినది ప్రిటోరియాలో నడిచిన ఆ 40,000 పౌండ్ల దావాయే. దాని కోసం జమాఖర్చుల పద్ధతి నేర్చుకున్నాడు. వాది, ప్రతివాది బంధువులు కావడంతో ఇద్దరినీ మధ్యవర్తిత్వానికి ఒప్పించాడు. దాదా అబ్దుల్లా గెలిచిన తరువాత, ఓడిన తయ్యబ్ సేఠ్ దివాలా తీయకుండా ఆ సొమ్మును దీర్ఘకాలిక వాయిదాలలో చెల్లించే ఏర్పాటు చేయించాడు.

నేటాల్ సుప్రీం కోర్టులో ప్రవేశం

1894లో నేటాల్ శాసనసభ భారతీయుల ఓటు హక్కును తొలగించే బిల్లును చేపట్టింది. దానిపై పోరాడేందుకు వర్తకులు గాంధీని ఉండిపొమ్మని కోరారు. ప్రజాసేవకు జీతం తీసుకోనని ఆయన చెప్పడంతో, ఇరవై మంది వరకు వర్తకులు తమ కోర్టు పనులను ఏడాది పాటు ఆయనకు అప్పగించి, అందుకు ముందుగానే ఫీజు చెల్లించారు. సుప్రీం కోర్టులో ప్రాక్టీసుకు దరఖాస్తు చేయగా నేటాల్ లా సొసైటీ అభ్యంతరం చెప్పింది. అసలు పట్టా జతపరచలేదన్నది పైకి చెప్పిన కారణం. నల్లజాతివారి రాకను నియమావళి ఊహించలేదన్నది అసలు వాదన. చట్టంలో అటువంటి భేదం లేదని కోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి, 1894 సెప్టెంబరు 3న గాంధీని చేర్చుకుంది. ప్రధాన న్యాయమూర్తి తలపాగా తీయమన్నపుడు ఈసారి ఆయన తీసివేశాడు. మిత్రులకు ఇది నచ్చలేదు. పెద్ద పోరాటాలకు శక్తిని దాచుకోవాలన్నది ఆయన ఆలోచన.

బాలసుందరం కేసు

ఒప్పంద కూలీలతో తొలి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న మద్రాసు నుండి నేటాల్‌కు చేరింది. మద్రాసు రేవు మీదుగా వెళ్ళిన కూలీలలో తమిళులతో పాటు తెలుగువారు కూడా ఎందరో ఉన్నారు. వర్తకుల న్యాయవాదిగా ఉన్న గాంధీకి ఈ కూలీలతో సంబంధం ఏర్పరచినది బాలసుందరం కేసు. యజమాని కొట్టగా ముందు పళ్ళు రెండు విరిగి, నెత్తురోడుతూ, తలపాగా చేతబట్టుకుని ఈ తమిళ కూలీ ఆయన కార్యాలయానికి వచ్చాడు. గాంధీ గుమాస్తా కూడా తమిళుడే కాబట్టి అతని గోడు అర్థమైంది.

ఇక్కడ చట్టాన్ని కొంత వివరించాలి. మామూలు నౌకరు పని మానివేస్తే యజమాని సివిలు దావా వేయగలడు, అంతే. ఒప్పంద కూలీ మానివేస్తే అది నేరం, శిక్ష జైలు. కావున యజమానికి శిక్ష పడినంత మాత్రాన కూలీకి విముక్తి లేదు. అతని ఒప్పందాన్ని కూలీల సంరక్షకాధికారి రద్దు చేయాలి లేదా మరొక యజమానికి బదిలీ చేయాలి. గాంధీ ముందుగా వైద్యుని ధ్రువపత్రం తీసుకుని బాలసుందరాన్ని మెజిస్ట్రేటు వద్దకు తీసుకువెళ్ళాడు. మెజిస్ట్రేటు యజమానిని దోషిగా నిర్ధారించాడు. గాంధీ వెదకి కుదిర్చిన మరొక ఐరోపా యజమానికి ఒప్పందం బదిలీ అయింది. ఈ వార్త కూలీలందరికీ పాకింది; ఆయన కార్యాలయానికి వారి రాక మొదలైంది.

ఒప్పందం ముగిశాక కూడా నేటాల్‌లో ఉండిపోయే కూలీలపై ఏటా 3 పౌండ్ల పన్ను విధిస్తూ 1895లో చట్టం వచ్చింది. మొదట 25 పౌండ్లు ప్రతిపాదించగా వైస్రాయి లార్డ్ ఎల్గిన్ 3 పౌండ్లకు అంగీకరించాడు. ఇది భార్యకు, 16 ఏళ్ళు దాటిన కొడుకులకు, 13 ఏళ్ళు దాటిన కూతుళ్ళకు కూడా వర్తించేది. భర్త నెల సంపాదన 14 షిల్లింగులకు మించని ఇంట్లో నలుగురికి ఏడాదికి 12 పౌండ్లు! కూలీలు వెనుదిరగాలి, లేదా మళ్ళీ ఒప్పందంలో చేరాలి అన్నదే దీని ఉద్దేశం. 1897లో వలస నియంత్రణ చట్టం వచ్చింది. కొత్తగా ప్రవేశించేవారు ఐరోపా భాషలో దరఖాస్తు రాయగలిగి ఉండాలని అది నిర్దేశించింది. జాతి పేరు ఎత్తకుండానే భారతీయులను ఆపే ఈ పద్ధతిని 1901లో ఆస్ట్రేలియా అనుకరించింది.

జోహాన్నెస్‌బర్గ్

1901లో భారతదేశానికి తిరిగి వెళ్ళిన గాంధీ మరుసటి ఏడాది చివర మళ్ళీ పిలుపు రావడంతో వచ్చి, 1903లో ట్రాన్స్‌వాల్ సుప్రీం కోర్టులో అటార్నీగా నమోదయ్యాడు. ఇండియన్ లొకేషన్ అనే పేట స్వాధీనంపై నష్టపరిహారం కేసులు సుమారు 70 నడిపి ఒక్కటే ఓడిపోయాడు. కేసుకు 10 పౌండ్లు తీసుకుని, అందులో సగం ప్రజోపయోగానికి కేటాయించాడు. ప్రవేశ పర్మిట్లకు లంచాలు తీసుకుంటున్న ఇద్దరు అధికారులపై ఆధారాలు సేకరించి విచారణ జరిపించాడు. జూరీ వారిని విడిచిపెట్టినా ఉద్యోగాలు పోయాయి. ఆయన వద్ద శిక్షణ పొందిన హెన్రీ పోలాక్ 1908లో అటార్నీ అయ్యాడు. కార్యదర్శి సోంజా ష్లెసిన్‌కు మాత్రం స్త్రీ అయిన కారణంగా 1909లో ఆ అవకాశం నిరాకరించబడింది.

ఆసియావాసులు వేలిముద్రలతో రిజిస్టరు కావాలన్న ట్రాన్స్‌వాల్ చట్టం 1907లో అమలులోకి వచ్చింది. నిరాకరించి అరెస్టయినవారి తరపున గాంధీ కోర్టులో నిలబడ్డాడు. చివరికి 1908 జనవరి 10న, తాను తరచు వాదించిన కోర్టులోనే ముద్దాయిగా నిలబడి, అత్యధిక శిక్ష వేయమని కోరాడు. రెండు నెలల సాధారణ జైలు విధించారు. అర్జీలు, అప్పీళ్ళు ఎంతవరకు పనిచేస్తాయో బాగా ఎరిగినవాడు కాబట్టే చట్టోల్లంఘనకు దిగాడని చెప్పవచ్చు. క్రమంగా ప్రాక్టీసును సహచరులకు వదిలివేశాడు.

1913 మార్చిలో, ఒక భారతీయుని భార్యకు దేశప్రవేశం నిరాకరించిన కేసులో, క్రైస్తవేతర వివాహాలను చెల్లనివిగా చేసే తీర్పును జస్టిస్ సెర్ల్ ఇచ్చాడు. అదే ఏడాది అక్టోబరులో 3 పౌండ్ల పన్నుకు వ్యతిరేకంగా న్యూకాజిల్ బొగ్గు గనుల కూలీలు సమ్మె చేశారు. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు గాంధీ వెంట ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. 1914 భారతీయుల ఉపశమన చట్టంతో ఆ పన్ను రద్దయింది, వివాహాలకు గుర్తింపు లభించింది. జూలై 18న గాంధీ దక్షిణ ఆఫ్రికా విడిచి వెళ్ళాడు. ఒప్పంద కూలీల ఎగుమతి 1917లో నిలిచిపోయింది.

రాజద్రోహ నేరంపై 1922 మార్చిలో శిక్ష పడిన కారణంగా అదే ఏడాది నవంబరు 10న ఇన్నర్ టెంపుల్ ఆయన పేరును తొలగించింది. 1988లో మరణానంతరం తిరిగి చేర్చింది.