డాక్టర్ డౌన్ చూడని వృద్ధాప్యం

డౌన్ సిండ్రోమ్ అనే మాట మన సంఘాల్లో అందరూ విన్నదే. ఆ ‘డౌన్’ ఒక భక్తిగల వైద్యుని ఇంటిపేరని తెలిసినవారు తక్కువ.

జాన్ లాంగ్డన్ డౌన్ 1828లో ఇంగ్లండులోని టార్‌పాయింట్‌లో జన్మించారు. చిన్నవయసులోనే బడి మాని తండ్రి దుకాణంలో పనికి కుదిరారు. పద్దెనిమిదేళ్లప్పుడు ఒకరోజు పెద్ద వాన కురిస్తే ఒక పల్లె ఇంట్లో తలదాచుకున్నారు. అక్కడ బుద్ధి ఎదగని ఒక అమ్మాయి వారికి మర్యాదలు చేసింది. ఈమెకోసం ఏమీ చేయలేమా అన్న ప్రశ్న ఆయనను వదలలేదు.

లండన్‌లో వైద్యం చదివి పతకాలు గెలిచారు. నగరంలో మంచి ప్రాక్టీసు పెట్టుకోగలిగినవారే, 1858లో ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమానికి వెళ్లారు. మానసికంగా ఎదగనివారిని ఉంచే చోటది. అక్కడ కొట్టడం మాన్పించారు, బల్ల దగ్గర కూర్చుని తినడం నేర్పించారు, చేతిపనులు పెట్టించారు. భార్య మేరీ జీతం లేకుండా ఆ పరిచర్యలో పాలుపొందింది. యాజమాన్యంతో విభేదాలు వచ్చి 1868లో బయటికి వచ్చి, ఇద్దరూ నార్మన్స్‌ఫీల్డ్ అనే సొంత ఆశ్రమం స్థాపించారు. అందులో ఆ పిల్లలకోసం ఒక నాటకశాల కూడా కట్టించారు!

1866లో ఆయన రాసిన వ్యాసమే ఈ స్థితిని ప్రత్యేకంగా గుర్తించింది. ముఖకవళికలు చూసి మంగోల్ జాతి పేరు తగిలించడం మాత్రం తప్పే. మానవజాతి అంతా ఒక్కటే అని వాదించడానికే ఆయన ఆ పోలికను వాడుకున్నా, ఆ పేరు ఎందరినో గాయపరిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1965లో దాన్ని విడిచిపెట్టింది.

ఆ రోజుల్లో వీరి ఆయుష్షు తక్కువ, చాలామందిని క్షయ తీసుకుపోయేది. అందుకే డౌన్ వ్యాసంలో వృద్ధాప్యం ఊసు లేదు. పదేళ్ల తర్వాత, 1876లో, ఇద్దరు స్కాట్లాండ్ వైద్యులు వీరికి ముందుగానే ముసలితనం వస్తోందని రాశారు. కారణం తెలియడానికి వందేళ్లకు పైగా పట్టింది. వీరిలో అదనంగా ఉండే 21వ క్రోమోజోములోనే అమైలాయిడ్ ప్రొటీన్‌కు మూలమైన జన్యువు ఉంది. నలభై దాటేసరికి దాదాపు అందరి మెదడులోనూ ఆ ప్రొటీన్ పేరుకుంటుంది. యాభైలలో ఎందరికో అల్జీమర్స్ బయటపడుతుంది.

ఇప్పుడు వీరు అరవై దాకా బతుకుతున్నారు. ఇన్నేళ్లు ఆరాధనకు ముందు కుర్చీలు వేసిన అన్న ఒక ఆదివారం ఏమీ తోచక గుమ్మంలో నిలబడిపోతే, మనవాళ్లు మొండితనం అంటారు, లేదంటే దురాత్మ అంటారు. ప్రార్థించండి, తప్పకుండా ప్రార్థించండి. అయితే థైరాయిడ్, వినికిడి, కంటి శుక్లాలు కూడా పరీక్ష చేయించండి. వాటివల్ల కూడా మనిషి ఇలాగే మారతాడు, వాటికి చికిత్స ఉంది. నిజంగా అల్జీమర్స్ అయితే నయం కాదు. పక్కన చూసుకునే తల్లికి అప్పటికే ఎనభై.

డౌన్ 1896లో ప్రభువునందు నిద్రించారు. తొమ్మిదేళ్ల తర్వాత ఆయన కుమారుడు రెజినాల్డ్‌కు ఒక బిడ్డ పుట్టాడు, డౌన్ సిండ్రోమ్‌తో. తాత పేరే, జాన్ అని పెట్టుకున్నారు. తాత స్థాపించిన ఆశ్రమాన్ని అప్పుడు తండ్రే నడుపుతున్నాడు. ఆ జాన్ 1970 వరకు, 65 ఏళ్లు జీవించాడు.