కొబ్బరితోటల సీమలో పుట్టిన సేనాని – నుయెన్ థీ దిన్

దక్షిణ వియత్నాంలో మెకాంగ్ నది పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట బెన్ ట్రె అనే కొబ్బరితోటల సీమ ఉన్నది. అక్కడి లువాంగ్ హోవా గ్రామమందు 1920 మార్చి 15న, ఒక బీద రైతు ఇంట, పదిమంది సంతానంలో కడపటి బిడ్డగా నుయెన్ థీ దిన్ జన్మించారు. ఫ్రెంచి ప్రభుత్వం చెరలో పెట్టిన అన్నకు బాల్యంలోనే అన్నం మోసుకుపోయారు. రాజకీయాల్లో ఆమెకు తొలి పాఠం అదే.

1938లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, సహచర కార్యకర్తనే వివాహమాడారు. 1940లో కుమారుడు పుట్టిన మూడునాళ్లకే భర్తను పట్టుకొనిపోయారు. ఆయన కోన్ దావ్ ద్వీప కారాగారంలో మరణించారు. కొద్ది నెలలకు ఆమెను సైతం బంధించగా, పాలు మరువని పసివాణ్ణి కన్నతల్లి చేతుల్లో పెట్టి బా రా అటవీ శిబిరానికి వెళ్లవలసివచ్చింది. 1943లో గాని విడుదల కాలేదు.

1946లో సముద్రమార్గాన ఉత్తరాదికి వెళ్లి, హో చి మిన్‌ను కలుసుకొని, 12 టన్నుల ఆయుధాలతో ఫ్రెంచి గస్తీనౌకల కన్నుగప్పి తిరిగివచ్చారు. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు కుమారుణ్ణి ఉత్తరాదికి పంపి, తాము దక్షిణాదినే అజ్ఞాతంగా ఉండిపోయారు.

1960 జనవరి 17న మో కాయ్ ప్రాంతంలో ఆమె నాయకత్వాన తిరుగుబాటు మొదలైంది. తుపాకులు బహుస్వల్పం; కొయ్య తుపాకులు చెక్కుకొని శత్రువును బెదిరించారు. రక్తపాతం జరగకపోలేదు, గ్రామాధికారులు కొందరు హతులయ్యారు. అయితే ప్రభుత్వసేన పల్లెలమీద పడినప్పుడు పన్నిన ఉపాయం అపూర్వమైనది. వేలాది స్త్రీలు బిడ్డలను చంకనెత్తుకొని, చాపలు, కుండలతో పడవలెక్కి మో కాయ్ పట్టణానికే వలసవచ్చి, సైన్యాన్ని వెనక్కి పిలిస్తేనే ఇళ్లకు పోతామని అధికారి కచేరి ఎదుట బైఠాయించారు. కాల్పులకు చిక్కని ఈ సైన్యం ముందు అధికారులకు ఏమీ తోచలేదు. చివరకు సేన వెనుదిరిగింది. పొడవాటి జుట్టు సైన్యమని ఆ స్త్రీలకు పేరు వచ్చింది. సేనానిగా కంటె ఈ ఉపాయశాలిగానే ఆమెను తలచుకొనుట న్యాయం.

ఆ సంవత్సరమే ఉత్తరాదిలో కుమారుడు వ్యాధితో కన్నుమూశాడు. కడచూపునకు తల్లి నోచుకోలేదు.

1965లో విమోచనసేన ఉపసేనాపతి, 1974లో వియత్నాం సైన్యంలో తొలి మహిళా మేజర్ జనరల్ అయ్యారు. యుద్ధానంతరం 1982 నుండి అఖిలదేశ మహిళాసంఘానికి అధ్యక్షత వహించి, 1987లో దేశాధ్యక్ష మండలి ఉపాధ్యక్షులైనారు. 1992 ఆగస్టు 26న పరమపదించారు. లువాంగ్ హోవాలో ఆమె స్మారక మందిరం ఉన్నది.