విదేశయాత్రకు ఫలము

విదేశముల కేగి అచ్చటి విద్యాలయములను చూచివచ్చువారు పెక్కురు. చూచినదానితో స్వదేశమున నేమి నిర్మింపవలెనో ఎఱిగినవారు కొలదిమంది. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కొలదిమందిలోనివారు.

1880లో చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివిన రెడ్డిగారు మైసూరు సంస్థానమున విద్యాసేవకు పూనుకొనిరి. అప్పటికి అచ్చటి కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయమునకు లోబడియుండెను. పరీక్షలు జరపి పట్టములిచ్చుటయే విశ్వవిద్యాలయపు పనియని తలచిన కాలమది. విదేశ విద్యాపద్ధతులను పరిశీలించి రెడ్డిగారును థామస్ డెన్‌హాముగారును సమర్పించిన నివేదికలు వేఱుత్రోవ చూపినవి. నూతన పరిశోధనమునకు చికాగో, ప్రజలలోనికి విద్యను గొనిపోవుటకు విస్కాన్సిన్, విద్యార్థులను సంఘజీవనమునకు సిద్ధపఱచుటకు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలు మార్గదర్శకములైనవి. ఏ యొక్కదానికిని నకలు గాక, 1916 జూలై 27వ తేదీన మైసూరు విశ్వవిద్యాలయము వెలసెను.

ఆ యనుభవము పదేండ్లకు ఆంధ్రులకు అక్కఱకు వచ్చెను. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడగా రెడ్డిగారే ప్రథమ ఉపాధ్యక్షులైరి. కేంద్రస్థానము మాకు కావలెనని పట్టణములు పోటీపడుచుండ, బెజవాడలో ఆరంభమైన పరిషత్తు 1930 నాటికి వాల్తేరు చేరెను. సత్యాగ్రహోద్యమముపై ప్రభుత్వ మవలంబించిన దమననీతికి నిరసనగా ఆయన తాము పెంచిన సంస్థనే విడిచిరి. 1936లో మరల వచ్చి 1949 వఱకు దానిని నడపిరి. 1951లో కీర్తిశేషులైరి.

ప్రజాధనముతో విదేశములకు పోవువారు ఈ జీవితమును తలపోయవలెను. రైతు చెల్లించిన పన్నునకు బదులు తేవలసినది యాత్రావిశేషములు కావు. మన నేలపై నిలుచు ప్రణాళిక, దానిని నిలుపు ఆత్మగౌరవము.